పోయినాయన తుపాకీ

ఊళ్ళో ఉన్న తుపాకీల కొట్లన్నీ కాళ్ళరిగేలా తిరిగాక, చిట్టచివరి కొట్లో ఆ జోడు గొట్టాల తుపాకీ అతని కంటబడింది.

ఇనుప చువ్వల వెనక, గొలుసు వేసి నిలబెట్టిన పాత తుపాకీల వరసలో ఉంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం ఏమీ పట్టనట్టు ముందు దాని పక్కదాన్ని చూపించమన్నాడు. తర్వాత ఇంకోదాన్ని. మనసులో ఉన్నది ముఖంలో కనబడితే ధర కొండెక్కి కూర్చుంటుంది. ఆ మాత్రం లోకజ్ఞానం అతనికి ఉంది.

“లైసెన్సు ఉందా బాబూ?” అడిగాడు కొట్టు పెద్దాయన.

“లైసెన్సు ఉందండీ. తుపాకీయే లేదు.”

పెద్దాయన నవ్వలేదు. రోజంతా తుపాకీల మధ్య కూర్చునేవాడికి నవ్వు అంత తేలిగ్గా రాదు. తాళం తీసి, గొలుసు వదిలి, అతను చివరికి చూపించిన జోడు గొట్టాలదాన్ని బయటికి తీశాడు. మడిచి, రెండు గొట్టాలూ ఖాళీయేనని తను చూసి, అతనికీ చూపించి, అప్పుడు చేతికిచ్చాడు.

అతను గొట్టాల్లోంచి ట్యూబులైటు వైపు చూశాడు. తుప్పు లేదు. భుజానికి ఆనించాడు. తుపాకీ వెనకవైపు చెక్క మడమ వెళ్ళి చక్కగా భుజం గుంటలో కూర్చుంది.

“కొలిచి చేయించినట్టుందే!” అన్నాడు పెద్దాయన. “ఇంతవరకూ ఎత్తి చూసినవాళ్ళంతా మడమ పొట్టిదని పెదవి విరిచారు.”

అతను చప్పున దించేశాడు.

“వెనక ట్రిగ్గరు బిగుతుగా ఉంది.”

“మీరింకా నొక్కనే లేదు కదండీ!”

“చూస్తే తెలిసిపోతుంది.”

పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. వచ్చినవాడు సామాన్యుడు కాడనుకున్నాడో ఏమో, స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

“ముందే చెబుతున్నా. పెట్రోలు బంకు ఓనరొకాయన దీనిమీద మనసుపడ్డాడు. ఇంకాసేపట్లో డబ్బు పట్టుకొస్తానన్నాడు. హాల్లో గోడకి తగిలిస్తాడట. అడ్వాన్సు ఇవ్వలేదు గనక మీకు చూపిస్తున్నా.”

అతను తుపాకీ మీద పట్టు బిగించాడు. ఇంత వెతికి పట్టుకున్నది ఎవరి హాల్లోనో మేకుకి వేలాడటం అతను తలుచుకోలేకపోయాడు.

“ఎవరిదండీ ఇది?” అన్నాడు.

“నాది కాదు. కమీషను మీద పెట్టారు. అమ్ముడుపోతే నా కమీషను నాకు, మిగతాది వాళ్ళకి. ఒకావిడ తెచ్చింది. పుట్టింటి తుపాకీ, కాగితాలన్నీ ఆవిడ పేరునే ఉన్నాయి. కాల్చింది మాత్రం వాళ్ళాయన. పాపం, పోయాడు.”

అతను తుపాకీని ఒళ్ళోకి దించుకున్నాడు.

“ఎప్పుడట?” అన్నాడు.

“ఈమధ్యనే. గుచ్చిగుచ్చి అడుగుతామా! అయినా మా వ్యాపారంలో అదీ ఒకందుకు మంచిదే. బతికున్నవాడు తుపాకీ అమ్ముతున్నాడంటే ఏ లోపముందోనని సవాలక్ష ప్రశ్నలు అడుగుతారు. పోయినాయన తుపాకీకి ఆ బాధ లేదు.”

“మనిషి ఎలాంటివాడట?”

“గొప్ప వేటగాడట. గురిపెట్టాడంటే తప్పేది కాదట. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదట. ఇది కంటబడితే ఆయనే కళ్ళముందు మెదులుతున్నాడట, ఇంట్లో ఉంచుకోలేకపోతోందట. చెబుతూ చెబుతూ కళ్ళు ఒత్తుకుంది.”

అతని కళ్ళు చెమర్చాయి. మొగుడి గురించి ఏ ఆడదైనా ఇన్ని మంచి మాటలు చెప్పగలదని అతను ఈ వయసు వరకూ ఎరగడు.

“ఇంకా ఏమందండీ?”

పెద్దాయన గుర్తున్నవన్నీ చెప్పాడు. అతను వింటున్న తీరు చూసి, గుర్తులేనివి కూడా కొన్ని చెప్పాడు. చివర్లో, “వెనక ట్రిగ్గరు బిగుతంటున్నారు కదా, ఆవిడతో మాట్లాడి ధర కాస్త తగ్గిస్తాలెండి,” అన్నాడు.

“ధర తగ్గించొద్దు. ఆవిడ అడిగినంతా ఇస్తాను. మీ కమీషనే కాస్త తగ్గించుకోండి.”

పెద్దాయన తెల్లబోయాడు. ధర దగ్గర గీచిగీచి బేరమాడేవాళ్ళని చూశాడు గానీ, కొనడానికొచ్చి కమీషను దగ్గర బేరం పెట్టినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

“అది నాకూ ఆవిడకీ మధ్య వ్యవహారం. మీకెందుకండీ?”

“ఆవిడ చేతిలో నాలుగు డబ్బులు ఎక్కువ పడతాయని.”

పెద్దాయన మెత్తబడ్డాడు. “పరాయి ఆడమనిషి కోసం ఇంత ఆలోచించేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు బాబూ!” అంటూ కమీషన్లో సగం వదులుకున్నాడు. అతను ఇంకాస్త లాగుదామనుకునేంతలో బయట కారు ఆగింది. పెట్రోలు బంకు ఓనరు, పొట్ట ముందూ తను వెనకా దిగుతున్నాడు. అతను మారుమాట్లాడకుండా డబ్బు తీసి బల్ల మీద పెట్టేశాడు.

పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదే ఉంచుకుని లైసెన్సు చూశాననిపించాడు. సంతకాలయ్యాయి. బంకు ఓనరు ఉసూరుమంటూ వెనక్కి తిరిగాడు.

అతను తుపాకీని తోలు సంచిలో పెట్టుకుని, నిద్రపోయే పసివాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని ఇంటికి నడిచాడు. దారిపొడుగునా ఆ పోయినాయన మంచితనమే తలుచుకున్నాడు. గుమ్మం ముందు కాసేపు తటపటాయించి, బెల్లు నొక్కాడు.

తలుపు తీసిన అతని భార్య సంచినీ అతన్నీ మార్చి మార్చి చూసి, “చచ్చిపోయారని చెప్పి అమ్మకానికి పెట్టినా, వెళ్ళి దాన్నే కొనుక్కొచ్చారా!” అంది.