చెడు కబురు వినే ఉద్యోగం

“మీ ఆయన విషయం మాట్లాడాలండి. ముందు మీరు కూర్చోండి,” అన్నాడు కుర్ర డాక్టరు.

ఆవిడ కూర్చుంది. మనసులో ఒక మార్కు వేసింది. నిలబెట్టి కబురు చెప్పేవాళ్ళకి ఆవిడ ఆ మార్కు వేయదు.

ఆవిడ ఉద్యోగమే అది. ఒకప్పుడు నాటకాలు వేసేది. ఇప్పుడు ఈ ఆసుపత్రి కాలేజీలో చెడు కబుర్లు వింటుంది. రోగి ఇంటివాళ్ళకి చేదు నిజం ఎలా చెప్పాలో కుర్ర డాక్టర్లు నేర్చుకోవాలి కదా. వాళ్ళు చెబుతారు, ఈవిడ ఏడుస్తుంది. కొందరి దగ్గర ఏడుపు, కొందరి దగ్గర తిట్లు, మరీ మాటకారి దొరికితే కొయ్యబారిపోయి కూర్చోవడం. ఫోనొస్తుంది, ఈవిడ వెళ్తుంది. కేసేమిటో ముందు చెప్పరు. చెబితే ఉలికిపాటు ఉత్తుత్తిదైపోతుందని ఈ పాఠం చెప్పే ప్రొఫెసరమ్మ నమ్మకం. ఇవాళా అంతే. వెంటనే రమ్మన్నారు, మిగతాది డాక్టరుగారు చెప్తారన్నారు.

ఆ ప్రొఫెసరమ్మదే ఇంకో పద్ధతి కూడా ఉంది. కొత్త పేర్లు పెడితే ఇలా ఏడ్చేవాళ్ళు మధ్యలో తడబడతారని, ఎవరి పేరు వాళ్ళకే, ఎవరి మొగుడు వాళ్ళకే ఉంచేసింది. అలా ఆవిడ మొగుడు, నిజం రోగుల ఇంటివాళ్ళనీ కూర్చోబెట్టే ఈ గదిలోనే, లెక్కలేనన్నిసార్లు పోయాడు. గుండె ఆగి పోయాడు, లారీ కింద పడి పోయాడు, ఒకసారి కుక్క కరిచి కూడా పోయాడు. సాయంత్రం ఆవిడ ఇల్లు చేరేసరికి ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చి, “ఏమోయ్, ఇవాళ నన్నెలా చంపారు?” అని అడిగేవాడు. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళు.

ఇవాళ ఇంటికెళ్ళి చెప్పడానికి ఆయన లేడు. కంపెనీ పని మీద క్యాంపుకని నిన్నే బయల్దేరాడు.

“మీ ఆయనకి గుండెపోటొచ్చిందండి,” అన్నాడు డాక్టరు. “ప్రస్తుతం షాక్‌లో ఉన్నారు.”

“షాక్‌లో ఉండాల్సింది నేను కదయ్యా!” అంది ఆవిడ. ఈ మాట దగ్గర చాలామంది బోర్లాపడతారు.

ఇతను పడలేదు. “మేం షాకనేది వేరండి. గుండె సరిగ్గా కొట్టుకోలేక రక్తపోటు పడిపోయింది. ఒంటికి రక్తం చాలడం లేదు. మందులతో నిలబెట్టాలని చూస్తున్నాం. కష్టంగానే ఉంది.”

తేలిక మాటల్లో చెప్పాడు. ఇంకో మార్కు. మాటిమాటికీ తలుపు వైపు మాత్రం చూస్తున్నాడు పాపం, కొత్త కదా. మూల కుర్చీలో ప్రొఫెసరమ్మ లేదు. ఈమధ్య కెమెరాలో చూసే మార్కులు వేస్తోంది.

“క్యాంపులో ఉన్న మనిషిని ఇక్కడికెవరు తెచ్చారు?” అంది ఆవిడ, ఇంటి సంగతే అందిపుచ్చుకుని.

డాక్టరు గొంతు తగ్గించాడు. “ఆయన క్యాంపుకి వెళ్ళలేదండి. ఊళ్ళోనే ఉన్నారు. ఒకావిడ ఇంట్లో పడిపోయారు. ఆవిడే తీసుకొచ్చారు, భార్యనని చెప్పి. తర్వాత ఆయనే మీ నంబరిచ్చారు.”

ఈ కేసు రాసినవాళ్ళెవరో గానీ మహా గడుసువాళ్ళు అనుకుంది ఆవిడ. ఇన్నాళ్ళూ మొగుడు చావడమే గానీ మోసం చెయ్యడం ఇదే మొదలు.

ఏడవడానికి ఆసరా కావాలి. ఎప్పుడూ చేసే పనే చేసింది. ఇదంతా నిజమనుకుంది. నిన్న తను పెట్టె సర్దుతుంటే ఆయన ఏరి మరీ ఆ నీలం చొక్కా పెట్టమన్నాడు. దాన్ని తనే ఇస్త్రీ చేసింది. ఆ చొక్కా ఇప్పుడు ఇంకో ఆడదాని ఇంట్లో తగిలించి ఉందనుకుంది.

“కళ్ళల్లో కారం కొట్టాడయ్యా! రేపు నలుగురూ ‘అయ్యో, షాకైపోయామమ్మా’ అంటూ వస్తారు. నా మొహం చూసి, మెట్లు దిగుతూ నవ్వుకుంటారు. పోయాడన్నా ఇంత బాధ ఉండేది కాదు!”

ఏడుపు నిజంగానే వచ్చేసింది. నమ్మినవాడు మోసం చేస్తే ఇలా ఉంటుందా అనుకుంది. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు.

“ఆయనకి స్పృహ ఉందండి,” అన్నాడు డాక్టరు. “ఎంతసేపుంటుందో చెప్పలేం. మిమ్మల్ని ఒక్కసారి చూడాలంటున్నారు. పక్క వార్డే. రండి.”

చిక్కు ఇక్కడే వచ్చింది. పక్క వార్డులో ఆవిడ కోసం ఏనాడూ ఏ మొగుడూ ఎదురుచూడలేదు. ఈ గదిలో మొదలైంది ఈ గదిలోనే ముగియాలి. టైమైందని ఎవరో ఒకరు వచ్చేదాకా కుర్చీ వదలకూడదు. మొండికేసిన భార్యని ఎలా కదిలిస్తాడో చూద్దామనుకుంది.

“రాను. ఆవిడనే చూసుకోమనండి.”

“అలా అనకండమ్మా. క్షమించమని అడగాలంటున్నారు.”

“అక్కడ కాపురం పెట్టినప్పుడు గుర్తురాని పెళ్ళాం ఇప్పుడు గుర్తొచ్చిందా?”

డాక్టరు మంచినీళ్ళిచ్చాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మళ్ళీ బతిమాలాడు. “కోపం ఉండాల్సిందేనమ్మా. వచ్చి ఆ కోపమే చూపించండి. ఇప్పుడు రాకపోతే తర్వాత మీరే బాధపడతారు,” అన్నాడు.

బాగా చెప్పాడు. లేవబోయినంత పనైంది ఆవిడకి. తమాయించుకుని, చేతులు కట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. నర్సు తొంగిచూసి, డాక్టరు వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. డాక్టరు నుదురు పట్టుకుని కూలబడ్డాడు.

టైమైపోయిందన్నమాట. ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. దగ్గరికెళ్ళి అతని భుజం తట్టింది.

“బెంగపడకు నాయనా. నన్ను కుర్చీలోంచి లేపలేకపోయావు గానీ, మిగతాదంతా చక్కగా చేశావు. పరీక్ష పాసైనట్టే.”

“ఏం పరీక్షమ్మా?” అన్నాడు డాక్టరు.