నాలుగింటి ఫోను

ఫోను మోగేసరికి ఆవిడ చేతిలోని గడియారం తాళంచెవి జారి కింద పడింది.

"అమ్మా, వార్డు నుంచి. మీవారు జావ తాగారు. నాలుగు చెంచాలు."

"జ్వరమో?"

"తగ్గింది."

"ఇంకా?"

"అంతేనమ్మా."

"అంతే అంటే ఎలాగయ్యా? లేచి కూర్చుంటున్నారా? నా గురించి ఏమైనా అడిగారా?"

అవతల ఆయాసం వినిపించింది.

"గుండ్రటి గడియారానికి... ఆరు తిప్పులేనట. ఏడోది తిప్పొద్దన్నారు."

ఫోను పెట్టేశాడు.

ఎవరూ గడప దాటకూడదని ఉత్తర్వు వచ్చిన రోజున, ఆవిడ భర్త తన గడియారాల రిపేరు కొట్టు మూసేసి, జనం ఇచ్చిన పదకొండు గడియారాలనూ ఇంటికి మోసుకొచ్చాడు. "నమ్మి ఇచ్చారే, ఆగిపోనివ్వకూడదు" అన్నాడు. రెండు వారాలకు ఆయనకే ఊపిరాడలేదు. అంబులెన్సు వచ్చిన హడావుడిలో ఆయన ఫోను చార్జింగులోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలోకి ఇంటివాళ్ళను రానివ్వరు. అక్కడి నంబరుకు చేస్తే గంటల తరబడి పాట వినిపిస్తుంది.

కొట్టు బోర్డు మీద రాయించింది ఆవిడ నంబరే కాబట్టి అదొక్కటే ఆయనకు కంఠతా వచ్చు. మూడో రోజు నుంచి ఆ నంబరుకు ఈ మనిషి ఫోను చేస్తున్నాడు. రోజూ నాలుగింటికి. నాలుగు ముక్కలు. తిరిగి చేస్తే ఎత్తడు.

"మాటలు మూట కట్టుకుని కూర్చుంటాడు ఈ ఆయాసం మనిషి" అంది ఆవిడ అత్తగారితో.

"నా కొడుకు బతికున్నాడని చెబుతున్నాడు కదే. దానికి తోడు మర్యాదలు కూడా కావాలా నీకు?"

"ఆ ఆయాసమేమిటి అత్తయ్యా, పరుగు పందెంలో ఉన్నట్టు?"

"ఒళ్ళంతా ప్లాస్టిక్ తొడుక్కుని తిరుగుతారట పాపం. ఎవడికైనా అంతే."

మధ్యాహ్నం మూడు దాటితే ఆవిడకు కాలు నిలిచేది కాదు. కిటికీ దగ్గరికి, కిటికీ నుంచి ఫోను దగ్గరికి. వీధిలో కుక్క తప్ప ఎవరూ ఉండరు. ఇంట్లో మాత్రం పదకొండు గడియారాలు తలా ఒక మాట చెబుతుంటాయి.

తొమ్మిదో రోజు నాలుగు కొట్టింది. ఫోను రాలేదు.

నాలుగూ అయిదు. నాలుగూ పది.

అత్తగారు జపంలా పెదవులు కదుపుతోంది.

నాలుగుంబావుకు ఫోను మోగింది.

"అమ్మా, వార్డు నుంచి. ఇవాళ కూర్చున్నారు..."

"టైమెంతయిందో తెలుసా నీకు?" ఆవిడ అడ్డుపడింది. "పావుగంట. ఈ పావుగంటలో నేను ఎన్నిసార్లు చచ్చానో నీకేం తెలుసు? జీతం తీసుకునేది దేనికయ్యా? రోజుకు రెండు నిమిషాలు సరిగ్గా మాట్లాడలేవా?"

అవతల చిన్న నవ్వు వినిపించింది. అది దగ్గులో కలిసిపోయింది.

"నిజమేనమ్మా" అన్నాడు. "రేపు... సరిగ్గా చేస్తాను."

ఫోను పెట్టేశాక అత్తగారు మెల్లగా అంది. "నువ్వు చూసింది ఆ గుండ్రటి దాన్నేనా? అది ముందు పరిగెత్తే గడియారమే. అందుకేగా బాగుచేయమని ఇచ్చింది."

ఆవిడ తన ఫోనులో టైము చూసింది. సరిగ్గా నాలుగూ రెండు.

"అయ్యో" అనుకుంది. "రేపు చెబుతాలే, పొరపాటైందని."

మర్నాడు ఆయాసం మనిషి ఫోను చేయలేదు.

నాలుగు దాటింది. అయిదు దాటింది. ఈసారి ఏ గడియారం చూసినా ఒకటే మాట.

"ఫోను కలపవే" అంది అత్తగారు.

గంటన్నర పాట విన్నాక ఆసుపత్రి అమ్మాయి పలికింది.

"చెడ్డ కబురైతే మేమే చెబుతామండీ. చెప్పలేదంటే బాగున్నట్టే."

"రోజూ ఫోను చేసే మీ మనిషి ఇవాళ చేయలేదు. ఒక మాట అన్నానని కక్ష కట్టినట్టున్నాడు. అతని మీద ఫిర్యాదు రాసుకోండి."

"రాసుకుంటానండీ" అంది ఆ అమ్మాయి. అవతల మరో రెండు ఫోన్లు మోగుతున్నాయి.

ఆ మర్నాడూ ఫోను రాలేదు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఎవరో ఒకరు ఆ మాట పైకి అనాల్సి వస్తుంది.

మూడో రోజు పొద్దున ఫోనులో ఎవరో ఆడగొంతు.

"మీవారిని ఇంటికి పంపిస్తున్నామండీ. ముందుగదిలో ఒక్కరినే ఉంచండి."

మధ్యాహ్నానికి దిగాడు. మనిషి సగమయ్యాడు. ముందుగదిలో కుర్చీలో ఆయన, గుమ్మానికి ఇవతల అత్తాకోడళ్ళు. తల్లి కొడుకును కళ్ళతోనే తడిమింది.

ఆవిడ ఏడుపు ఆపుకుని, నవ్వబోయి, అది చేతకాక, పోట్లాటకు దిగింది.

"రెండు రోజులు మా ప్రాణాలు తోడేశాడు మీ వార్డులో ఆ ఫోను ఉద్యోగి. ఊరుకున్నాననుకున్నారా, ఫిర్యాదు చేశాను."

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగాడు.

"ఉద్యోగి కాదే" అన్నాడు, "పక్క మంచం అతను, నాకు గొంతు పెగలడం లేదని తన ఫోనులో నీతో మాట్లాడడానికి రోజూ నాలుగింటికి ఆక్సిజన్ మాస్కు తీసేవాడు, మొన్న పొద్దున దుప్పటి కప్పి తీసుకెళ్ళిపోయారు."