మిషనుకు దొరకని లోపం

"ఒక్క కోడూ లేదమ్మా. బండి నిక్షేపంలా ఉంది," అన్నాడు మెకానిక్కు, చేతిలో మిషను ఆమె వైపు తిప్పి చూపిస్తూ.

"నిజంగానా బాబాయ్ గారూ? ఇంకోసారి చూడండి. ఏదీ వదలకుండా చూడండి."

ఆమె వచ్చినప్పటినుంచీ మాటిమాటికీ వీధి వైపే చూస్తోంది. కారులో ఇంజను లైటు ఒకసారి వెలిగి ఆరిపోయిందట. ఆ మాత్రానికే ఇంత భయమా అని ఆయనకి లోపల నవ్వొచ్చింది. పేటలో అందరూ ఆయన్ని బళ్ల డాక్టరంటారు. బండికి మిషను తగిలించి, ఏ లోపానికి ఏ కోడు పడిందో చూసి ఇట్టే చెప్పేస్తాడు.

"మా ఆయన పడుకున్నారు. లేచేలోగా ఇంట్లో ఉండాలి," అందామె. "రేపు కొండ రోడ్డు మీద వెళ్లాలి. అవునూ, ఈ మిషను అన్నీ చెప్పేస్తుందా? ఎవరు చేశారో కూడానా?"

"ఏం చెడిందో చెబుతుంది గానీ, ఎవరు చెడగొట్టారో దానికేం తెలుసు? అది మిషనమ్మా, మా అత్తగారు కాదు."

ఆమె నవ్వలేదు. "మా నాన్నదీ ఈ పనే. ఆయన రోజుల్లో ఇలాంటి మిషన్లు లేవు," అంది.

మిషను పీకేయబోయి ఆయన ఆగాడు. ఇంత పాత బండికి చిన్నాచితకా కోడయినా ఉండాలి కదా! బండిలో గడియారం కూడా తప్పు చూపిస్తోంది. ఎవరో బ్యాటరీ ఊడదీసి మళ్లీ తగిలించారు. అలా చేస్తే పాత కోడ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

"బ్యాటరీ ఎవరు విప్పారమ్మా?"

ఆమె మొహం పాలిపోయింది. "నాకేం తెలుసండీ? బండి బాగోగులన్నీ మా ఆయనే చూసుకుంటారు."

ఆయన బానెట్ ఎత్తి, టార్చి వేసి, వైర్లు ఒక్కొక్కటే తడుముతూ పోయాడు. ఇంజను వెనక, కంటికి ఆనని చోట వేలు ఆగింది. ఒక వైరు మీద తొడుగు సన్నగా చెక్కేసి ఉంది. ఎలక కొరుకుడు కాదు, బ్లేడు పని. ఇంజను వేడెక్కి ఆ వైరు ఇనుముకు తగిలిందా, బండి ఉన్నపళంగా ఆగిపోతుంది. కొండ దిగేటప్పుడు ఆగితే స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకులు మొండికేస్తాయి. మలుపు తప్పితే కింద లోయే.

ఆయన టార్చి పక్కన పెట్టాడు. ఆమెను అప్పుడు సరిగ్గా చూశాడు. మండుటెండలో పొడుగు చేతుల జాకెట్టు. మెడ మీద కమిలిన మచ్చ. బొటనవేలికి కొత్త కట్టు.

"వేలికేమైందమ్మా?"

"కూర తరుగుతుంటే తెగింది," అందామె, చెయ్యి వెనక్కి దాచుకుంటూ.

ఈ కూరల కథ ఆయనకి తెలుసు. ఆయన చెల్లెలూ బతికున్నన్నాళ్లూ ఇలాగే చెప్పింది.

"మీ ఆయన కొడతాడా తల్లీ?"

ఆమె తల వంచుకుంది.

ఆయన వైరుకు చుట్టడానికి టేపు అందుకున్నాడు. "ఇది లోపం కాదమ్మా. ఎవడో పనిగట్టుకుని చేశాడు. పద, పోలీసుల దగ్గరికి పోదాం. నేను సాక్ష్యం చెబుతాను."

"వద్దు! పోలీసులొద్దు బాబాయ్ గారూ, మీకు దణ్ణం పెడతాను!"

ఎంత భయపెట్టి ఉంచాడో వెధవ, అనుకున్నాడాయన. పళ్లు బిగించి టేపు గట్టిగా చుట్టేశాడు. "ఇంక ఈ వైరు జన్మలో తగలదు."

ఆ టేపు వైపే చూస్తూ ఆమె నేల మీద కూలబడి భోరుమంది.

"ఏడవకు తల్లీ, గండం గడిచింది. అయినా నా మాట విను. రేపు నువ్వు మాత్రం ఈ బండెక్కకు."

ఆమె కళ్లయినా తుడుచుకోకుండా తలెత్తింది.

"రేపు వెళ్లేది ఆయనొక్కడే బాబాయ్ గారూ."