తీగ లేని రాగం

కరెంటుతో స్వరాలు పుట్టించే అసలు సింథసైజర్ పెట్టెలు కొనేముందు, చెవికి నచ్చుతాయో లేదోనని నరేశ్ వాటి సాఫ్ట్‌వేర్ నకలును ల్యాప్‌టాప్‌లో వాయించి చూస్తున్నాడు. గూడూరు దాటాక వచ్చే లంబాడీ తండాలో వాళ్లిల్లు. బయట పాలలాంటి వెన్నెల. తెరమీది పెట్టెల బొమ్మల మధ్య తీగలు కలిపేకొద్దీ పల్చటి రాగం లేచింది. ఆడమనిషి ఏడుపులా ఉంది.

లోపలినుంచి తల్లి ద్వాళి లేచి వచ్చింది. "ఎవరొచ్చిండ్రు బిడ్డా?"

చాన్నాళ్లకు చుట్టమొస్తే కౌగిలించుకుని, రాగం తీసి ఏడవడం తండా ఆనవాయితీ.

"ఎవ్వరు రాలే యాడీ. గిది కంప్యూటర్ల సప్పుడు."

తెరమీది తీగలన్నీ పీకేశాడు. రాగం ఆగలేదు. మెల్లగా వాకిట్లోకి జరిగింది.

ద్వాళి తలుపు తీసి, ఏడుస్తూ తనూ రాగం అందుకుంది. వెన్నెట్లో ఆమె ఒక్కతే. గాలిని కౌగిలించుకున్న చేతులు మాత్రం, మధ్యలో ఎవరో ఉన్నట్టు, ఒకదాన్నొకటి తాకలేదు. ఆమె భుజం వెనకవైపు చీర తడుస్తోంది.