నిలబెట్టేదాకా

"చంపేస్తున్నారు మేడమ్!" అని వార్డు దద్దరిల్లేలా అరిచాడు దొరగారు.

దొరగారంటే నిజం దొర కాదు. కారు ప్రమాదంలో తొడ ఎముక ముక్కలై వచ్చినవాడు. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. పక్కనే ఉన్న మంచినీళ్ల గ్లాసు కూడా ఎవరో ఒకరు అందించాలని పడుకున్నచోటి నుంచే హుకుం జారీ చేస్తాడని నర్సులు ఆ పేరు పెట్టారు.

"చావరు లెండి. మోకాలు వంచండి," అంది ఫిజియోథెరపిస్టు.

ఆవిడ ఆ వార్డుకి కొత్త. వేరే విభాగంలో ఉండేది. పట్టుబట్టి ఇక్కడికి మార్పించుకుని వచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఆ కాలి మీదే ఆవిడ కన్ను. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. నొప్పి మందు వేళకి వేయించి, అది పనిచేయడం మొదలయ్యాకే వ్యాయామం చేయించేది. వీపు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పించేది. అతను 'అబ్బా' అంటే ఆగేది, ఊపిరి తీసుకోనిచ్చేది, మళ్లీ మొదలుపెట్టేది.

"నా మీద పగబట్టారా ఏంటి?" అన్నాడొకసారి.

"అవును. వంచండి."

వార్డంతా గొల్లుమంది.

వింతేమిటంటే, అసలు మనిషికే తొందర లేదు. "మెల్లగా కానివ్వండి మేడమ్. ఇంకో ఏడాది పట్టినా నాకేం నష్టం లేదు," అనేవాడు. ఆ మాట వింటే చాలు, ఆవిడకి ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు పొద్దున అతని పిక్క వాచి వేడిగా ఉండటం ఆవిడే కనిపెట్టింది. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, అది ఊపిరితిత్తుల్లోకి పోతే, ప్రాణానికే ముప్పు. డ్యూటీ డాక్టర్ని పరుగున తీసుకొచ్చింది. స్కాన్ గది బయట అటూ ఇటూ తిరిగింది. ఇంత చేశాక ఇతను కాస్తా పోతే?

"సొంత తమ్ముడికైనా ఎవరూ ఇంత హైరానా పడరు మేడమ్," అంది నర్సు ఓదార్పుగా.

"అంత తేలిగ్గా పోనివ్వను," అందావిడ పళ్లు బిగించి.

మందులతో ముప్పు తప్పింది. మళ్లీ మోకాలు, మళ్లీ అరుపులు. వాకర్ వచ్చింది, పోయింది. చేతికర్ర వచ్చింది. మెట్లెక్కడం నేర్పబోతే దొరగారు మొండికేశాడు.

"మా ఇంట్లో లిఫ్టుంది."

"లిఫ్టు లేనిచోటికీ వెళ్లాల్సి రావచ్చు. ఎక్కండి."

చివరికి ఆ కర్ర కూడా లేకుండా వరండా ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి తిరిగొచ్చాడు. నర్సులు చప్పట్లు కొట్టారు. పెద్ద డాక్టరు ఎక్సరే చూసి, "ఇక నిక్షేపంగా తిరగొచ్చు. అలాగే రాసిస్తాను," అన్నారు. దొరగారి మొహం ఎందుకో వాడిపోయింది.

అతని తల్లి మాత్రం ఏడుస్తూ వచ్చి ఆవిడ చేతులు రెండూ కళ్లకద్దుకుంది. "మా వాణ్ణి నిలబెట్టావు. నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ!"

ఆవిడ మెల్లగా చేతులు విడిపించుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, మన పాపని కారుతో గుద్ది చంపినవాడు లేచి నడుస్తున్నాడు, ఇక వాడి లాయరు మంచం చూపించి కోర్టులో వాయిదా అడగలేడు."