చక్రం మీద చెయ్యి

మోకాళ్లు అరిగి నేను కుట్టుమిషన్ తొక్కలేకపోతున్నానని మా మరిది దానికి మోటారు బిగించాడు. వేగం అదుపు చేసే చిన్న బోర్డు కూడా సొంతంగా తయారుచేశాడు. తెల్లారేసరికి ఒప్పుకున్న కోట్లు కుట్టి అప్పగించకపోతే బేరం మరొకరికి పోతుంది.

నాలుగు కుట్లు పడగానే మోటారు మూలిగి ఆగిపోయేది. వాడు ల్యాప్‌టాప్‌లో అంకెలు మార్చేవాడు. మళ్లీ అదే తంతు.

"వదినా, చక్రం మీంచి చెయ్యి తీస్తావా? ఎవరో అదిమి పట్టుకున్నట్టు చూపిస్తోంది."

"నా రెండు చేతులూ బట్ట మీదే ఉన్నాయి. నీ కళ్లెక్కడున్నాయిరా?"

వాడు విసుగ్గా ప్లగ్ పీకేసి, చక్రం నుంచి మోటారు బెల్టు ఊడదీశాడు. "ఈ దిక్కుమాలిన దానితో నావల్ల కాదు."

మూలుగు ఆగింది. గదిలో మా ఇద్దరి ఊపిరి తప్ప ఇంకే చప్పుడూ లేదు. అప్పుడు చక్రం దానంతటదే అరచుట్టు వెనక్కి తిరిగింది. సూది పైకి లేచింది.

పొద్దుపోయాక నేను ఇంకా కుడుతుంటే, పోయిన మా ఆయన చక్రం మీద చెయ్యి వేసి సరిగ్గా అలాగే వెనక్కి తిప్పేవారు. ఇక చాలు, పడుకో అన్నట్టు.

మరిది మిషన్ దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"ఇంకా రెండు కోట్లున్నాయి," అంటూ చక్రాన్ని ముందుకు తిప్పబోయాను.

అది కదల్లేదు. అరచేయంత మేర ఇనుము వెచ్చగా ఉంది.