స్టీరింగు కింద పెట్టె

“మీ చెల్లెలింట్లో చాలాసేపే కూర్చున్నావే ఇవాళ,” అన్నాడు భర్త, భోజనం చేస్తూ.

ఆమె చేతిలోని గరిటె ఆగిపోయింది.

చెల్లెలి గడప తొక్కవద్దని ఆయన ఏనాడో కట్టడి చేశాడు. ‘మా అక్కని మనిషిలా చూడండి బావగారూ’ అని ఆ పిల్ల మొహం మీదే అనడం నేరమైపోయింది. ఆమెకేమో నోరారా నవ్వుకునే చోటు లోకంలో అదొక్కటే. అందుకే కూరగాయలకని చెప్పి కారు తీసేది, దొంగచాటుగా వెళ్లి వచ్చేది.

“ఎవరు చెప్పారు మీకు?”

“ఎవరో ఒకరు చెబుతారులే. ఇంకోసారి వెళ్లావంటే కారు తాళాలు నా జేబులో ఉంటాయి.”

ఎవరై ఉంటారా అని ఆమె బుర్ర బద్దలుకొట్టుకుంది. చెల్లెలు చెప్పదు. చెల్లెలి భర్త, ఆ మరిది అసలే చెప్పడు. ఇక మిగిలింది చెల్లెలి అపార్ట్‌మెంటు వాచ్‌మన్, పిల్లలు ‘విజిల్ తాత’ అని పిలిచే ముసలాయన. ఆమె కారు గేటు దాటిందంటే చాలు, ఆయన చెవికి ఫోను అంటుకునేది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆయన పెట్టే దణ్ణాలు కూడా ఆమెకి ఇప్పుడు దొంగదణ్ణాల్లానే తోచాయి.

మళ్లీ వెళ్లినరోజు గేటు బయటే ముసలాయన కారు దగ్గరికొచ్చాడు.

“ఒక్క మాట చెప్పాలమ్మా.”

“నీతో నాకు మాటలేంటి?”

ఆమె అద్దం ఎత్తేసి, లోపలికి వెళ్లకుండానే కారు వెనక్కి తిప్పింది. ఆయన పక్కకి తప్పుకున్నాడు.

“ఆయన అలాంటి మనిషి కాదక్కా,” అంది చెల్లెలు ఫోనులో.

“ఎలాంటి మనిషో మొహాన రాసుంటుందా? ఆయన గేటు దగ్గరుంటే నేనింక నీ ఇంటికి రాలేను.”

మరిది అసోసియేషన్‌లో ఒక మాట వేశాడు. వారం తిరక్కుండా ముసలాయన మూటాముల్లె సర్దుకున్నాడు. వెళ్తూ కూడా ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదట.

కొత్త వాచ్‌మన్ ఆమె వైపు చూడను కూడా చూడలేదు. ఆరోజు చెల్లెలి పక్కన కూర్చుని ఆమె కడుపు నొప్పి పుట్టేలా నవ్వింది.

తిరిగొస్తుంటే కారులో ఇంజన్ లైటు వెలిగింది. దారిలో ఉన్న షెడ్డులో ఆపింది.

మెకానిక్ లోపమేంటో చూసే తన మిషన్ కేబుల్ పట్టుకుని స్టీరింగు కిందికి వంగాడు. వంగినవాడు అలాగే తల తిప్పి చూశాడు.

“ఇక్కడ ఆల్రెడీ ఒకటి పెట్టేసుంది మేడమ్.”

“ఏంటది?”

“లాగర్ అంటారు. బండి ఎప్పుడు స్టార్టయింది, ఎక్కడాగింది, ఎంతసేపాగింది, అన్నీ ఓనరు ఫోనుకి పంపిస్తుంది. ఇది ట్రావెల్స్ బండా?”

ఆమె భర్తది ట్రావెల్స్ వ్యాపారమే. అక్కడి ప్రతి కారులోనూ ఇలాంటి పెట్టె ఉంటుందనీ, డ్రైవర్లు దాన్ని తిట్టుకుంటారనీ ఆమెకి తెలుసు. ఇంటి కారులో కూడా ఉంటుందని మాత్రం తట్టలేదు. ఆయన లెక్కలో తానూ ఒక డ్రైవరేనని అసలే తట్టలేదు.

“ఇది పీకితేగానీ నా మిషన్ పట్టదు. పీకమంటారా?”

“పీకితే?”

“పీకినట్టు కూడా ఆయనకి మెసేజ్ వెళ్తుంది.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“వద్దులెండి. లైటు వెలగనీ.”

ఇంటికి చేరేసరికి భర్త గుమ్మంలోనే చెయ్యి చాపి ఉన్నాడు. ఆమె తాళాలు ఆ చేతిలో పెట్టింది. చెల్లెలిల్లు ఇక లేనట్టే. ఒక్కటే అడిగింది.

“కట్టుకున్నదాని కారుకి కూడా పెట్టె బిగిస్తారా?”

“నాకేం సరదానా?” అన్నాడాయన, తాళాలు జేబులో వేసుకుంటూ. “ముందు ఆ వాచ్‌మన్ ముసలోడికే నీ కారు నంబరిచ్చి, వస్తే చెప్పమన్నా. ఎప్పుడు ఫోన్ చేసినా ‘ఆ కారు రాలేదు బాబూ’ అనేవాడు. సరేనని పెట్టె బిగించి, నీ బండి వాడి గేటు లోపలే ఉందని నా ఫోన్లో కనబడుతుండగానే మళ్లీ అడిగా. అప్పుడూ ‘రాలేదు బాబూ’ అనే అన్నాడు, అబద్ధాలకోరు.”